అమ్మకు దవడ పన్ను ఇంప్లాంట్: నొప్పి ఎంత, ఎన్నాళ్ళు, ముందు ఏం అడగాలి?

ప్రశ్న: గోదారిగట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్తే. మా అమ్మకు 61 ఏళ్ళు. కింద ఎడమవైపు పెద్ద దవడ పన్నుకు ఎప్పుడో రూట్ కెనాల్ చేయించాం. అది నిలువునా చీలిపోతే నాలుగు నెలల క్రితం తీసేశారు. అప్పటినుంచి కుడిపక్కనే నములుతోంది, ఇప్పుడు ఆ పక్కా నొప్పి అంటోంది. డాక్టర్ గారు ఇంప్లాంట్ వేయిద్దామన్నారు. మా మేనమామేమో "ఎముకలోకి స్క్రూ దిగ్గొడతారంట, ఈ వయసులో అవసరమా" అని అమ్మను బెదరగొట్టి వెళ్ళాడు. షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. నొప్పి ఎంత ఉంటుంది? ఎన్నాళ్ళు పడుతుంది? బ్రిడ్జ్‌తో, అంటే స్క్రూ లేకుండా అటూ ఇటూ పళ్ళ ఆధారంగా పెట్టే పన్నుతో, సరిపెట్టుకోవచ్చా? చేయించుకున్నవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మిరపబజ్జీ (గుంటూరు)

చెల్లెమ్మా, నాకు 54. రెండు వేయించుకున్నాను. నిజానికి మూడు, ఆ కథ చివర్లో చెబుతా.

ముందు నొప్పి సంగతి. పన్ను పీకించుకున్నప్పుడు ఎంత బాధపడ్డారో, ఇది అంతకన్నా తక్కువే. మత్తు సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, అంతే. తర్వాత ఎముకలో రంధ్రం చేస్తుంటే నొప్పి తెలీదు గానీ తల మొత్తం గుయ్యిమని అదురుతుంది. చివర్లో చేతి రెంచితో బిగిస్తారు, ఆ టిక్ టిక్ చెవిలోనే వినబడుతుంది. నాకు అదొక్కటే భయం వేసింది. అమ్మకు ముందే చెప్పి పంపండి, శబ్దం ఉంటుంది, నొప్పి ఉండదు అని. ఒక్క పన్నుకి నాకు ముప్పావుగంట పట్టింది.

ఆ సాయంత్రం మత్తు దిగాక సలుపు మొదలవుతుంది. దిగకముందే నొప్పి మాత్ర వేసుకోవాలి, దిగేదాకా ఆగితే రాత్రి నిద్ర ఉండదు. మొదటి రోజు ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి బయట బుగ్గ మీద పెట్టుకోవాలి, కాసేపు పెట్టి కాసేపు తీసి. వాపు రెండో మూడో రోజున ఎక్కువవుతుంది, అప్పుడు కంగారుపడొద్దు. ఆ తర్వాత తగ్గుతూ రావాలి. నాలుగో రోజునుంచి మళ్ళీ పెరుగుతుంటే మాత్రం డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే. మొదటి రోజు గట్టిగా ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. చల్లారిన పెరుగన్నం, ఇడ్లీ, మెత్తగా ఉడికిన పప్పన్నం చాలు. కుట్లు వారం పది రోజుల్లో తీశారు.

అసలు పరీక్ష ఇక్కడినుంచే. స్క్రూ పడిన రోజున పన్ను రాదు. ఎముక దాన్ని పట్టుకోవాలి. నాకు కింద మూడు నెలలు, పైన ఐదు నెలలు ఆగమన్నారు. దవడ పన్ను బయటికి కనబడదు గనక తాత్కాలికంగా ఏమీ పెట్టలేదు. చిగురు మీద చిన్న లోహపు బొత్తాం మాత్రం ఉంటుంది, నాలుక పొద్దస్తమానం దాని మీదికే పోతుంది. తర్వాత కొలతలు తీసుకుని, ఇంకో వారం పది రోజులకు క్యాప్ బిగించారు. అందరూ ఆపరేషన్ గురించి భయపడతారు గానీ ఓపిక కావాల్సింది ఈ నెలల్లోనే.

ఇక ఆ మూడో ఇంప్లాంట్. మొదటిసారి వేసినప్పుడు సిగరెట్ మానేయమన్నారు. ఐదో రోజునే మేడ మీదికెళ్ళి కాల్చాను. రెండు నెలలకు వేలితో తాకితే కదిలింది. తీసేసి, ఎముక పూడాక మళ్ళీ వేశారు. తప్పు నాదే, డబ్బులూ నావే.

జవాబు: పళ్ళడాక్టర్ని (హన్మకొండ)

పై అన్నగారు నా పని సగం చేసేశారు. మిగిలింది నేను చెబుతాను.

మీ మావయ్యగారితో ఇది చెప్పండి. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు 1952లో కుందేలు ఎముకలో టైటానియం పరికరం అమర్చి ప్రయోగం చేశాడు. చివర్లో తీద్దామంటే ఊడి రాలేదు, ఎముక దాన్ని అంటిపట్టుకుని పెరిగింది. 1965లో మొదటి మనిషికి ఆ పద్ధతిలో పళ్ళు పెట్టారు. ఆ పేషెంటు నలభై ఏళ్ళకు పైగా వాటితోనే తిన్నాడు. కొత్త వింతేమీ కాదు. 61 అనేది అడ్డు కాదు, ఆరోగ్యం ఎలా ఉందన్నదే లెక్క.

షుగర్‌కు మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ చూస్తాం. ఏడు లోపు ఉంటే నిశ్చింత. ఎనిమిది దాటితే నేనైతే తగ్గించుకుని రమ్మంటాను. "అదుపులోనే ఉంది" అనే మాట కన్నా ఆ కాగితం తీసుకెళ్ళండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు.

పన్ను తీసి నాలుగు నెలలైంది కాబట్టి ఎముక కొంత సన్నబడి ఉంటుంది. అందుకే మామూలు ఎక్స్‌రే చాలదు, ఎముక మందం, లోతు కూడా చూపే సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయించండి. కింది దవడలో పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం ఒకటి పోతుంది. దానికి కనీసం రెండు మిల్లీమీటర్లు పైనే ఆగేలా స్క్రూ పొడవు ఎంచుకుంటాం. ఆపరేషన్ మర్నాడు కూడా కింది పెదవి మొద్దుబారి ఉంటే "అదే పోతుందిలే" అని కూర్చోవద్దు, వెంటనే ఫోన్ చేయాలి. రోజులు గడిచేకొద్దీ మేం చేయగలిగింది తగ్గిపోతుంది.

ఎముక చాలకపోతే బోన్ గ్రాఫ్ట్ పౌడర్ వేస్తారు. అది చాలామటుకు పశువు ఎముకను శుద్ధి చేసి తయారుచేసిందే. ఈ సంగతి ఎవరూ చెప్పరు, తర్వాత తెలిసి కొందరు పెద్దవాళ్ళు బాధపడ్డారు. అభ్యంతరముంటే ముందే అడగండి, కృత్రిమంగా చేసినవీ ఉన్నాయి.

బ్రిడ్జ్ చెడ్డదేం కాదు. అటూ ఇటూ పళ్ళకు ఎలాగూ క్యాపులు అవసరమైతే నేనూ బ్రిడ్జే చెబుతాను. అవి బాగున్న పళ్ళయితే మాత్రం వాటిని అరగదీయడం నాకు ప్రాణం ఒప్పదు.

జవాబు: డల్లాస్‌లో మావయ్య

సెలవుల్లో ఇండియా వచ్చి మూడు వారాల్లో చేయించుకుని పోదామనుకునేవాళ్ళకు ఒక మాట. నాకు రెండు ట్రిప్పులు పట్టింది, సంక్రాంతికి స్క్రూ, దసరాకు క్యాప్. మధ్యలో ఇక్కడి డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న "ఏ కంపెనీది?" అని. ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ పేరు, సైజు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అది అడిగి తీసుకుని ఫైల్లో అంటించుకోండి. పదేళ్ళ తర్వాత లోపలి చిన్న స్క్రూ వదులైతే సరిపోయేది వెతకాలంటే అదే ఆధారం.

జవాబు: మిరపబజ్జీ (గుంటూరు)

ఖర్చు మర్చిపోయాను. నాకు కొరియా కంపెనీది, క్యాప్‌తో కలిపి 38 వేలు. స్విట్జర్లాండ్‌దైతే ఇంకా ఎక్కువ చెప్పారు. "ఇంప్లాంట్ ఇంత" అంటే అందులో క్యాప్ ఉందా, స్కాన్ ఉందా, పౌడర్ వేస్తే ఎంత అని విడివిడిగా రాయించుకోండి. నా హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్ళు పైసా ఇవ్వలేదు, యాక్సిడెంట్‌లో పన్ను పోతే తప్ప ఇవ్వరట.

ఇంకోటి, క్యాప్ పెట్టాక పక్క పన్నుకీ దానికీ మధ్య తోటకూర నార, మటన్ పీచు ఇరుక్కుంటాయి. సన్న బ్రష్షు ఉంటుంది సందుల్లోకి, రోజూ రాత్రి తోమాల్సిందే. ఇంప్లాంట్‌కు పుచ్చు రాదు గానీ చుట్టూ చిగురు చెడితే ఎముక కరిగిపోతుంది, అదీ నొప్పి లేకుండా.

గోదారిగట్టు (రాజమండ్రి)

అన్నయ్యగారూ, డాక్టర్ గారూ, చాలా థాంక్స్. అమ్మకు చదివి వినిపించాను, టిక్ టిక్ దగ్గర నవ్వింది. ఒక చిన్న విషయం, పనికొస్తుందో లేదో. అమ్మకు ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే ఇంజక్షన్ ఇస్తున్నారు. రెండుసార్లు అయింది. పళ్ళ డాక్టర్‌కి చెప్పలేదు, అది మోకాళ్ళ డాక్టర్ ఇచ్చిందని.

జవాబు: పళ్ళడాక్టర్ని (హన్మకొండ)

అమ్మా, ఇది చిన్న విషయం కాదు. మంచి పని చేశారు చెప్పి. అది జోలెడ్రానిక్ యాసిడ్ అయి ఉండొచ్చు. చీటీలో పేరు చూడండి. ఈ మందులు వాడేవాళ్ళలో కొద్దిమందికి దవడ ఎముక కోసిన చోట మానకుండా పుండులా నిలిచిపోతుంది. ఎముకల బలానికి ఇచ్చే డోసులో ఆ ప్రమాదం తక్కువే, క్యాన్సర్‌కు ఇచ్చే డోసులో బాగా ఎక్కువ. కాబట్టి ఇంప్లాంట్ వద్దని కాదు. కానీ చేసే డాక్టర్‌కి తెలియకుండా కత్తి పెట్టకూడదు. ఆ ఇంజక్షన్ ఎప్పుడెప్పుడు ఇచ్చారో తేదీలతో రాసుకెళ్ళండి, ఇద్దరు డాక్టర్లనీ ఒకసారి మాట్లాడుకోమనండి. మీరుగా దాన్ని ఆపించొద్దు. అమ్మ తుంటి ఎముక విరిగితే పన్ను కన్నా పెద్ద కష్టం. ఒకటి అడగనా, పన్ను తీసిన చోట చిగురు పూర్తిగా మూసుకుందా?

గోదారిగట్టు (రాజమండ్రి)

టార్చ్ వేసి చూశాను. నున్నగా మూసుకుపోయింది, నొక్కినా నొప్పి లేదంటోంది. ఇంజక్షన్ పేరు మీరన్నదే. రెండోది పోయిన శ్రావణంలో వేయించాం. సోమవారం స్కాన్ ఉంది. ముందు మోకాళ్ళ డాక్టర్ దగ్గరికెళ్ళి చీటీ రాయించుకుని, ఆ తర్వాతే పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తాం.