విశ్రాంత ఉపాధ్యాయుని సంస్మరణ సంచిక: పొగడ్తల వెనుక మనిషి కనిపించేలా ఎలా కూర్చాలి?

పాతబెంచి:
ఉన్నత పాఠశాలలో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు ఈ మధ్య కాలం చేశారు. ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్లు గడిచినా ఏ తరం విద్యార్థులూ ఆయనను మరవలేదు కనుక, అందరి జ్ఞాపకాలతో ఒక సంచిక తేవాలని కొందరం పూనుకున్నాము. వ్యాసాలు బాగానే వస్తున్నాయి గాని, చదువుతుంటే దిగులు వేస్తోంది. “క్రమశిక్షణకు మారుపేరు”, “నిలువెత్తు ఆదర్శం”, “ఆయన లేని లోటు తీర్చలేనిది” వంటి మాటలే అన్నిటా ఉన్నాయి. పేరు మారిస్తే ఏ మాస్టారికైనా అతికిపోతాయి. రాసినవారి అభిమానంలో వెలితి లేదు, మాస్టారే కనబడడం లేదు. ఇటువంటి పని చేసినవారు మీ అనుభవం చెప్పగలరా?

సుద్దముక్క:
మా తెలుగు మాస్టారి సంచికకు మొదట మాకూ ఇదే జరిగింది. “వ్యాసం రాసి పంపండి” అనగానే మనవాళ్లకు సన్మానపత్రం గుర్తుకు వస్తుంది, కలం దానంతటదే ఆ దారి పడుతుంది. అందుచేత వ్యాసం అడగడం మానుకుని ప్రశ్నలు అడిగాము. తరగతిలోకి రాగానే ఆయన మొదట చేసే పని ఏమిటి? జవాబు రాని పిల్లవాడితో ఏమనేవారు? ఆయనకు దేనికి కోపం వచ్చేది, దేనికి నవ్వు వచ్చేది? ఆయన చేతిరాత ఉన్న కాగితం ఏదైనా మీ దగ్గర మిగిలిందా? ఈ చివరి ప్రశ్నకు వచ్చిన జవాబులే మా సంచికకు ప్రాణం పోశాయి.

వెనుకవరుస:
చేతిరాత అన్నారు కనుక చెబుతున్నాను. మా లెక్కల టీచరు గారు తప్పు చేసిన లెక్కను అడ్డంగా కొట్టేసేవారు కారు. మొదటి మెట్టు నుంచి చదువుకుంటూ వచ్చి, తప్పు ఎక్కడ మొదలైందో సరిగ్గా ఆ మెట్టు పక్కన ఎర్ర సిరాతో చిన్న చుక్క పెట్టేవారు. బ్రాకెట్టు ముందు మైనస్ ఉన్నప్పుడు లోపలి గుర్తులు మార్చడం పిల్లలు తరచుగా మరిచే సంగతే కదా, ఎక్కువ చుక్కలు అక్కడే ఉండేవి. చుక్కకు పైనున్న భాగానికి మార్కులు దక్కేవి, కిందిది మాత్రం మళ్లీ చేయాలి. మా బృందంలో ఒకరు దాచుకున్న నోటుపుస్తకంలోని అటువంటి పేజీని ఉన్నదున్నట్టుగా అచ్చు వేశాము. ఆవిడ ఎంత ఓపికగా దిద్దేవారో చెప్పడానికి మాకు వేరే వాక్యం అవసరం కాలేదు.

పాతబెంచి:
ఇది నాకు తట్టనే లేదు. వచ్చే ఆదివారం పాత విద్యార్థులందరినీ ఒకచోట కూర్చోబెట్టి, అందరూ చెబుతుండగా రాసుకుందామని అనుకుంటున్నాము.

నిదానం:
దయచేసి ముందు విడివిడిగా అడగండి, సమావేశం తరువాత పెట్టుకోండి. పదిమంది కలిసి గుర్తు చేసుకుంటే ఎక్కువ సంగతులు బయటపడతాయని మనకు తోస్తుంది గాని, మనస్తత్వ శాస్త్రజ్ఞుల ప్రయోగాలలో పదే పదే తేలింది దానికి వ్యతిరేకం. అదే సంఖ్యలో మనుషులు ఎవరికి వారుగా గుర్తు చేసుకున్నవి కలిపితే వచ్చేదానికన్నా బృందంగా కూర్చున్నప్పుడు వచ్చేది తక్కువ. ఒకరు చెబుతుంటే పక్కవారి ఆలోచన తెగిపోతుంది. పైగా మాటకారి ఒకరు మొదలుపెట్టిన కథలోకి మిగిలినవారి జ్ఞాపకాలు ఒదిగిపోతాయి. మేము ఒక్కొక్కరితో ఫోనులో మాట్లాడి, అనుమతి తీసుకుని రికార్డు చేసుకున్న తరువాతే సమావేశం పెట్టాము. సభలో ఎప్పుడూ నోరు విప్పని ఒకాయన ఫోనులో ఎంతసేపు మాట్లాడారో! సమావేశం అక్కరలేదని నేను అనడం లేదు. ఏ సంవత్సరం, ఏ తరగతి, ఫోటోలో పక్కనున్నది ఎవరు అన్నవి తేల్చుకోవడానికి నలుగురూ ఉండవలసిందే.

ఇద్దరు ఒకే సంఘటనను రెండు విధాలుగా చెబితే కంగారు పడకండి. రెండూ వేయండి, ఎవరు చెప్పినది వారి పేరు కింద.

ఒంటిచేతి చప్పుడు:
ఎవరికైనా నచ్చకపోతే క్షమించాలి గాని, అడగక తప్పదు. మాకు చెప్పిన ఒక మాస్టారు గొప్ప ఉపాధ్యాయుడే, కాని చేయి చేసుకునేవారు. ఆయన మీద వచ్చిన సంచికలో ఆ ఊసే లేదు. దెబ్బలు తిన్న మా స్నేహితుడు దాన్ని చదివి, “ఇందులో ఉన్నాయన నాకు తెలియదు” అని పక్కన పెట్టేశాడు. ఇటువంటి సంగతులను మీరు ఏం చేశారు?

సుద్దముక్క:
మేము వేశాము, అయితే తేలికగా వేయలేదు. ఆ సంగతి రాసిన విద్యార్థినితో మాట్లాడి, ఆవిడ మాటలను మార్చకుండా, అచ్చుకు ముందే కుటుంబసభ్యులకు చూపించాము. మాస్టారి అమ్మాయి చదివి, ఉద్యోగం చివరి సంవత్సరాలలో ఆయన బెత్తం పట్టడం పూర్తిగా మానేశారని, ఎందుకు మానేశారో ఇంట్లో ఒకసారి చెప్పారని తానే ఒక పేజీ రాసి ఇచ్చారు. ఆ రెండు పేజీలు ఎదురెదురుగా వచ్చాయి. “బెత్తంతో కొట్టబట్టే మేము బాగుపడ్డాము” అనే ధోరణి వ్యాసాలను మాత్రం తిప్పి పంపాము. తిన్న దెబ్బను తీపి జ్ఞాపకంగా మార్చి చెప్పడం నాకు ఎన్నడూ మింగుడు పడదు.

పాతఫైలు:
సామగ్రి విషయంలో నాలుగు మాటలు. పాత ఫోటోలను ఫోనుతో తీయకుండా స్కానింగు చేయించండి. అదే పరిమాణంలో అచ్చు వేయడానికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) సరిపోతుంది. చిన్న ఫోటోను పెద్దది చేయాలంటే 600 కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది కనుక డాక్యుమెంటుగా పంపమనండి. ఫోటో వెనుక పేర్లు మెత్తటి పెన్సిలుతో రాయాలి. పెన్ను సిరా కాలక్రమాన ముందువైపుకు దిగవచ్చు. మాటలు రికార్డు చేసే ఫోనును ఫ్లైట్ మోడులో ఉంచండి, లేకపోతే పెద్దవారు అసలు సంగతికి వచ్చే సమయానికి ఏదో ఒక కాల్ వస్తుంది. ఆయన ఏ బడిలో ఎప్పుడు పనిచేశారో జ్ఞాపకాల మీద ఆధారపడకండి, కుటుంబసభ్యుల దగ్గర ఉద్యోగపు కాగితాలు ఉంటే వాటితో సరిచూసుకోండి.

సాయంబడి:
ఇంతవరకు అందరూ తరగతి గది గురించే మాట్లాడారు. విద్యార్థులు రాసే సంచికలలో మాస్టారు పదవీ విరమణ సభతోనే ఆగిపోతారు. ఆ తరువాత ఆయన బతికిన ఇరవై, ముప్పై ఏళ్లు ఎవరికీ పట్టవు. గిడుగు వెంకట రామమూర్తి గారిని తలచుకోండి. 1880లో పర్లాకిమిడిలో బడి పంతులుగా చేరి, సవర గిరిజనుల భాష నేర్చుకుని, వారి పిల్లలకు బడులు నడిపిన ఆయన 1911లో ఉద్యోగం విరమించారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటంలో అధిక భాగం ఆ తరువాతదే, 1940లో కన్నుమూసే వరకు. ఆయన కథను 1911 దగ్గర ఆపితే మిగిలేది సగమే.

అందరూ అంతటివారు కానవసరం లేదు. మా సైన్సు మాస్టారు చూపు మందగించాక, సాయంత్రాలు వచ్చే పిల్లల చేత పాఠం బిగ్గరగా చదివించుకునేవారు. చదివే తీరును బట్టి ఎవరికి అర్థం కాలేదో పట్టేసి, సరిగ్గా అక్కడే ఆపి ప్రశ్న వేసేవారట. ఇది చెప్పింది మేము కాదు, పక్కింటివారు. కనుక ఇరుగుపొరుగు వారిని, తోటి ఉపాధ్యాయులను, ముఖ్యంగా ఆయన భార్యను అడగండి. రాత్రి ఎంతవరకు పేపర్లు దిద్దేవారో, ఎవరి ఫీజు తాను కట్టి ఎవరికీ చెప్పలేదో ఆవిడకే తెలిసి ఉంటుంది.

నిదానం:
సాయంబడి గారి మాటకు నా తరఫున ఒకటి. 1957లో నోబెల్ బహుమతి ప్రకటించిన కొద్ది వారాలకు ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ, బీదరికంలో ఉన్న తనను చిన్నప్పుడు పై చదువుకు సిద్ధం చేసిన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు లూయీ జెర్మేన్‌కు ఉత్తరం రాశారు. ఆ వార్త వినగానే తల్లి తరువాత తనకు గుర్తుకు వచ్చింది ఆయనేనని అందులో ఉంది. గురువు దాన్ని చదువుకున్నారు, బదులూ రాశారు. ఇంకా మన మధ్య ఉన్న మాస్టార్లకు ఈ పని ఇప్పుడే చేయవచ్చు. సంచిక కోసం ఆగనక్కరలేదు.

పాతబెంచి:
అందరికీ నమస్కారాలు. ఆదివారం సమావేశాన్ని వాయిదా వేశాము. వ్యాసాలు పంపినవారికి సుద్దముక్క గారి ప్రశ్నలు తిరిగి పంపితే, “మహోన్నతుడు” అని మాత్రమే రాసిన ఒకాయన నుంచి నిన్న రెండు పేజీలు వచ్చాయి. కాగితపు త్రిభుజం మూడు మూలలూ చింపి, పక్కపక్కన చేర్చి, అది సరళరేఖ అవుతుందని మాస్టారు చూపించారట. ఆ తరువాత, “ఇది చూడడమే, నిరూపించడం కాదు” అని సమాంతర రేఖ గీసి మళ్లీ మొదటి నుంచి చెప్పారట. మా మాస్టారు అచ్చంగా ఇలాగే ఉండేవారు. ఈ వారం ఆయన భార్యను కలవబోతున్నాము. ఆవిడను అడగవలసినవి ఇంకేమైనా తోస్తే గురువారం లోపు ఇక్కడే రాయండి.

వెనుకవరుస:
ఆయనకు చదువు చెప్పిన మాస్టారు ఎవరో అడగండి.