సమస్యాపూరణం: “కొయ్యకాడి మెడకు గొప్ప సొమ్ము”

నిర్వాహకుడు (పర్లాకిమిడి): ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇచ్చాను. ఎద్దు మెడమీది కాడి నగ ఎలా అవుతుందన్నదే ఇందులోని చిక్కు. బాల్యంలో కష్టాలకోర్చి తరువాత రాజ్యమేలినవారి కథతో పూరించండి.

రాయగడ సభ్యులు:

తండ్రి విషము త్రాగి తనువు వీడగ, బాలుఁ
దాయలెల్ల విడచి తరలిపోవ,
దుంప తినుచు పెరిగి తుదకు ఖానైనట్టి
కొయ్యకాడి మెడకు గొప్ప సొమ్ము.

ఇది తరువాత చెంఘిజ్ ఖాన్ అయిన మంగోలు బాలుడు తెముజిన్ కథ. శత్రుతెగ తాతారుల విషానికి తండ్రి యెసుగై బలైనప్పుడు అతనికి తొమ్మిదేళ్లు. తల్లి హోయెలున్ అడవి దుంపలతో పిల్లలను సాకింది. తరువాత దాయలే అతణ్ణి పట్టి మెడకు కాడిలాంటి కొయ్య బిగించారు.

నిర్వాహకుడు: మాస్టారూ, గణయతులు సరిపోయాయి. అయితే ‘ఖానైనట్టి’ అన్న విశేషణం కాడిమీద పడి, కాడే ఖానైందన్న అర్థం వస్తోంది. ‘తుదకు ఖానౌ వాని’ అంటే అన్వయం కుదురుతుంది. కాడి సొమ్మెలా అయిందో పద్యం చెప్పకపోవడం మాత్రం నాకు వెలితిగా ఉంది. ఆ కొయ్యతోనే కావలివాణ్ణి కొట్టి పారిపోయి ఏటి నీటిలో దాగిన బాలుణ్ణి చూచికూడా దాయల కొలువులోని సోర్ఖాన్ షిరా పట్టివ్వలేదని, అతని ఇంటివారు కొయ్యను విరిచి కాల్చి, బాలుణ్ణి ఉన్నిబండిలో దాచారని మంగోలుల గాథ చెబుతుంది. 1206లో చెంఘిజ్ ఖాన్‌గా తెగలను కలగలిపి పదులు, వందలు, వేలుగా సేనను కూర్చి, వంశంకంటె విశ్వాసానికి పెద్దపీట వేయడంలో దాయలు కానివారు దాచిన ఆ బండే నాకు కనిపిస్తుంది.

సిరొంచ సభ్యురాలు:

పగర శిబిరమందు పదునెనిమిది యేండ్లు
బందిగానె పెరిగి పట్టమందె;
షాహు నడుగ వలయు, సహనమే నేర్పెడు
కొయ్యకాడి మెడకు గొప్ప సొమ్ము.

1689లో మరాఠాల రాజధాని రాయగఢ్ కోట మొగలుల వశమైనప్పుడు శివాజీ మనుమడు, ఏడేళ్ల షాహు తల్లి యేసూబాయితో పట్టుబడ్డాడు. 1707లో విడుదలై, మరుసటి ఏడు సాతారాలో పట్టాభిషిక్తుడయ్యాడు.

గుణుపురం సభ్యులు: అమ్మా, ధార చక్కగా ఉంది, షా–స యతి చెల్లింది. ఇక్కడ కాడి రూపకమే, ఎందుకంటే ఔరంగజేబు కుమార్తె జీనతున్నీసా ఆ బాలుణ్ణి ఆదరంగా చూసుకుంది. పరుల దయమీద పెరిగినవాడే 1713లో బాలాజీ విశ్వనాథ్‌ను పేష్వాగా (ప్రధానమంత్రిగా) నియమించి, క్రమంగా రాజ్యభారాన్ని పేష్వాలకు అప్పగించాడు. అందుచేత ‘సహనం’ అన్న మాట ఈ కథకు చాలదనుకుంటాను.

సిరొంచ సభ్యురాలు: నిజమేనండీ. మూడవ పాదాన్ని ఇలా సవరిస్తున్నాను:

షాహు నడుగ వలయు, జనుల నమ్మగ నేర్పు
కొయ్యకాడి మెడకు గొప్ప సొమ్ము.