పాత ప్లాస్టిక్ క్రిస్మస్ ట్రీని ఏం చేయొచ్చు?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. ఏళ్ల తరబడి వాడిన ఆరడుగుల ప్లాస్టిక్ క్రిస్మస్ ట్రీని ఈసారి అటక మీంచి దించితే, ఆకుల కొసలు పసుపు తిరిగి ముట్టుకుంటే జలజలా రాలుతున్నాయి. స్టాండు కాలు ఒకటి విరిగింది. కొమ్మలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. లోపల మెలితిప్పిన ఇనుప తీగ కదా, ఎటు వంచితే అటు వంగుతాయి.

పాత సామాన్లు కొనే అతను మధ్య కడ్డీ ఒక్కటే తీసుకుంటానన్నాడు. తీగకు చుట్టేసిన పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) ఆకుల్ని విడదీసే ఓపిక ఎవరికుంటుంది? భోగి మంటలో పడేయమని మా బాబాయ్ సలహా. పీవీసీ కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు లాంటి విషపదార్థాలు వస్తాయి, ఆ పని మాత్రం చేయను.

బాగున్న కొమ్మలతో గుమ్మానికి గుండ్రటి దండ చేద్దామనుకుంటున్నా. తీగ కొసలు చేతికి గీరుకోకుండా ఏం చుట్టాలి? క్రిస్మస్‌కి బొమ్మలతో పెట్టే పశువుల పాక వెనకాల ఇంకొన్ని సరిపోతాయి. మరి మిగతావి? పాత పీవీసీ ట్రీలలో కొన్నింటికి సీసం కలిపేవారు, అందుకే పిల్లల ఆటలకు, కూరగాయల కుండీలకు వద్దు. ఎవరైనా ఇలాంటివి చేసి ఉంటే చెప్పండి, ఫొటో పెడితే మరీ మంచిది.