‘ఎల్ ఆగ్వా ఫ్రీయా’: ఆర్టికిల్ పుంలింగం, విశేషణం స్త్రీలింగమా?

ప్రశ్న: స్పానిష్ పాఠంలో చల్లని నీళ్ళకు ‘ఎల్ ఆగ్వా ఫ్రీయా’ అని ఉంది. ‘ఎల్’ పుంలింగానికి కదా, మరి ‘ఫ్రీయో’ అనకుండా ‘ఫ్రీయా’ ఎందుకు? అచ్చుతప్పా?

జవాబు 1: అచ్చుతప్పు కాదండీ. ఆగ్వా స్త్రీలింగమే. బహువచనం చేస్తే ‘లాస్ ఆగ్వాస్ ఫ్రీయాస్’ అవుతుంది, పుంలింగ ‘లోస్’ రాదు. స్త్రీలింగ నామవాచకం ‘ఆ’తో మొదలై, ఆ మొదటి అక్షరాన్నే నొక్కి పలికితే, ఏకవచనంలో దాని ముందు స్త్రీలింగ ఆర్టికిల్ ‘లా’కు బదులు ‘ఎల్’ వస్తుంది. ఆల్మా (ఆత్మ), ఆర్మా (ఆయుధం), ఆంబ్రే (ఆకలి), ఆచా (గొడ్డలి) ఈ బాపతే. చివరి రెండింటికీ రాతలో ముందు ‘హెచ్’ ఉంటుంది, పలకరు. నియమం చెవికి వినిపించేదాన్నే పట్టించుకుంటుంది. ఊనిక (నొక్కి పలకడం) రెండో అక్షరం మీదికి జరిగితే మామూలే: లా అమీగా (స్నేహితురాలు), లా అరీనా (పిండి).

జవాబు 2: పైగా ఆ ‘ఎల్’ పుట్టుకతో పుంలింగం కాదు. లాటిన్‌లోని స్త్రీలింగ ‘ఇల్లా’ కాలక్రమంలో ‘ఎలా’ అయింది. హల్లు ముందు మొదటి ‘ఎ’ రాలి ‘లా’ మిగిలింది, అచ్చు ముందు చివరి ‘ఆ’ రాలి ‘ఎల్’ మిగిలింది. మేన + అత్త మేనత్త అయినట్టే అనుకోండి. పాత స్పానిష్‌లో ‘ఎల్ ఎస్పాదా’ (కత్తి) అనీ రాసేవారు. తర్వాత ఆ వాడుక నొక్కి పలికే ‘ఆ’ ముందుకే పరిమితమైంది.

ప్రశ్న: అయితే ‘ఈ నీళ్ళు’ అనడానికి పుంలింగ ‘ఎస్తే’ పెట్టి ‘ఎస్తే ఆగ్వా’ అనాలా?

జవాబు 1: అనకూడదు. ‘ఎస్తా ఆగ్వా’ అనాలి. స్పానిష్ మాతృభాష అయినవాళ్ళ నోటా ‘ఎస్తే ఆగ్వా’, ‘ముచో ఆంబ్రే’ వినిపిస్తాయి, కానీ స్పానిష్ అకాడమీ ఒప్పుకోదు. ‘ముచా ఆంబ్రే’ (చాలా ఆకలి), ‘తోదా ఎల్ ఆగ్వా’ (నీళ్ళన్నీ) సరైనవి. మధ్యలో విశేషణం దూరితే ‘లా’ తిరిగొస్తుంది: ‘లా మీస్మా ఆగ్వా’ (అవే నీళ్ళు). ‘ఒక ఆత్మ’ అనడానికి ‘ఊన్ ఆల్మా’, ‘ఊనా ఆల్మా’ రెండూ ఒప్పే, మొదటిదే ఎక్కువ వాడుక. అక్షరాల పేర్లకు ఈ నియమం లేదు: ‘హెచ్’ అక్షరాన్ని ‘లా ఆచే’ అనే అంటారు.

జవాబు 3: మనకు అసలు చిక్కు వేరే చోట ఉంది. తెలుగులో లింగం అర్థాన్ని బట్టి నడుస్తుంది. అతను వచ్చాడు, ఆమె వచ్చింది, బస్సూ వచ్చింది. స్పానిష్‌లో అది మాటకు అంటుకుని ఉంటుంది. బాధితుడు మగవాడైనా ‘లా బిక్తిమా’ అనాల్సిందే. సంస్కృతం చదివినవారికి ఇది వింత కాదు: ఇల్లాలికే ‘భార్యా’ స్త్రీలింగం, ‘దార’ పుంలింగం, ‘కళత్రం’ నపుంసకం.

‘ఆ’తో ముగిస్తే స్త్రీలింగం, ‘ఓ’తో ముగిస్తే పుంలింగం అన్న సూత్రం చాలావరకు పనిచేస్తుంది. అయితే గ్రీకు నుంచి వచ్చిన ‘మా’ అంతపు మాటలు చాలావరకు పుంలింగాలు: ఎల్ ప్రోబ్లేమా (సమస్య), ఎల్ సిస్తేమా (వ్యవస్థ), ఎల్ ఇదియోమా (భాష). ‘మా’ కనిపించగానే ‘ఎల్’ పెట్టేయకండి, లా కామా (మంచం), లా రామా (కొమ్మ) గ్రీకు బాపతు కావు. ‘లా మానో’ (చెయ్యి) లాటిన్‌లోనే స్త్రీలింగం. ‘లా ఫోతో’ ‘ఫోతోగ్రఫీయా’కు కురచ రూపం కాబట్టి ‘ఓ’తో ముగిసినా స్త్రీలింగమే.

నోట్సులో ఒట్టి ఆర్టికిల్‌తో రాసుకోవద్దు, ఆగ్వా దగ్గర అదే మోసం చేస్తుంది. రూపం మారే విశేషణం కూడా కలిపి రాయండి: ఎల్ ఆగ్వా ఫ్రీయా, ఎల్ ప్రోబ్లేమా సేరియో. ‘గ్రాందే’ (పెద్ద) రెండు లింగాలకూ ఒకటే, అది పనికిరాదు.

ప్రశ్న: మరి ‘ఎల్ అసూకార్ మొరేనా’ (ముడి చక్కెర) సంగతి? ఇక్కడ ఊనిక ‘సూ’ మీద కదా!

జవాబు 2: మంచి మాట పట్టారు. అసూకార్‌ను రెండు లింగాల్లోనూ వాడతారు, ‘మొరేనో’ అన్నా తప్పు లేదు. ‘ఎల్’ పెట్టి ‘మొరేనా’ అనడం మాత్రం పైన చెప్పిన ‘ఎల్ ఎస్పాదా’ కాలపు వాడుక, ఈ ఒక్క మాట దగ్గర ఇంకా బతికి ఉంది.