ఈత రానివాళ్లు "వచ్చు" అని టిక్ పెట్టి సిల్ఫ్రా చన్నీళ్లలో దిగొచ్చా?

హన్మకొండ చౌరస్తా:
జూన్‌లో చెల్లె వాళ్ల దగ్గరికి డెన్మార్క్ పోతున్నాం, అక్కడి నుంచి ఐస్‌లాండ్ కూడా పెట్టుకున్నాం. అక్కడ థింగ్‌వెల్లిర్ నేషనల్ పార్కులో సిల్ఫ్రా అని ఒకటుంది. నేల చీలిన సందులో నీళ్లు నిండి ఉంటాయి, ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. నీళ్లు లోపలికి రాని డ్రై సూట్ వేసి, ఊపిరి పీల్చుకోవడానికి నోట్లో స్నార్కెల్ గొట్టం పెట్టి, గైడ్ ముందు పోతుంటే మనం ముఖం నీళ్లలో పెట్టుకుని తేలుతూ వెనక పోవాలి. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే వంద మీటర్ల దూరం కూడా కనిపిస్తుందట. తలకు పదివేల పైనే అవుతుంది, దాని గురించి బాధ లేదు. సమస్య బుకింగ్ ఫారం. "ఈత వచ్చా? నీళ్లలో ఇబ్బంది లేకుండా ఉండగలరా?" అని అడుగుతున్నారు. నేను పరకాల దగ్గర మా ఊరి బాయిలో నేర్చుకున్నా. మా ఆవిడకు రాదు. నాన్నకు 62, బీపీ గోలీ వేసుకుంటారు, ఈత మాత్రం నాకంటే బాగా కొడతారు. డ్రై సూట్ వేసుకున్నాక మునుగుదామన్నా మునగమని పోయొచ్చిన వాళ్లు రాస్తున్నారు కదా, మరి ఈతతో పనేంటి? అండమాన్‌లో మా ఆవిడ చేతికి రబ్బరు ట్యూబ్ ఇచ్చి గైడే లాక్కెళ్లాడు, ఏ ఫారమూ లేదు. ఇది కేసులు మీద పడకుండా కంపెనీలు రాసుకున్న ముక్క అని నా అనుమానం, టిక్ పెట్టేస్తే అయిపోతుంది. కాదంటే ఎందుకు కాదో చెప్పండి. "రిస్క్ అన్నా" అని ఒక్క మాట పడేసి పోకండి.

కాజీపేట జంక్షన్:
టిక్ పెట్టెయ్ అన్నా. మన లక్నవరంలో బోటు ఎక్కేవాళ్లలో సగం మందికి ఈత రాదు, లైఫ్ జాకెట్ వేసి కూర్చోబెడతారు. ఇక్కడ సూటే లైఫ్ జాకెట్. పక్కన గైడ్ ఉంటాడు. అంత డబ్బు పెట్టి పోయి వదినను ఒడ్డున నిలబెడతావా?

మానేరు గట్టు:
బోటులో కూర్చున్న వాళ్ల ముఖం నీళ్లలో ఉండదు తమ్మీ, తేడా అక్కడే ఉంది.

నేను సిల్ఫ్రాలో దిగాను కాబట్టి చెప్తున్నా. సూట్ తేలుస్తుంది, నిజమే. కానీ ఏ వైపు తేలుస్తుందో సూట్ చేతిలో లేదు. లోపల గాలి ఉంటుంది, అది ఎటు పైకి ఉంటే అటు పోతుంది. భయపడి కాళ్లు పైకి కొట్టుకున్నావనుకో, గాలంతా కాళ్లలోకి పోతుంది, కాళ్లు తేలతాయి, తల కిందికి పోతుంది. మునగకపోవడం, ముక్కూ నోరూ నీళ్ల పైన ఉండటం రెండూ ఒకటే అనుకుంటున్నావు, అందుకే లెక్క తప్పుతోంది. ఈత వచ్చినవాళ్లు ఏం చేస్తారంటే, ఏదో తేడా కొట్టగానే ఆలోచించకుండానే వెల్లకిలా తిరిగిపోతారు. ముఖం ఆకాశం వైపు, గొట్టం తీసేసి ఊపిరి, అంతే. రానివాళ్లు అదే క్షణంలో నిలబడటానికి చూస్తారు. అక్కడ కాళ్లకు నేల అందదు.

ఇంకోటి. డ్రై సూట్‌లో ఒళ్లు తడవదు గానీ ముఖం తడుస్తుంది, చేతులు తడుస్తాయి. గ్లౌజులు, తలకు వేసే హుడ్ వేరే రకం, వాటిలోకి నీళ్లు వస్తాయి, వచ్చిన నీళ్లు ఒంటి వేడికి కాస్త గోరువెచ్చగా అయ్యేదాకా పళ్లు కొరుక్కోవాలి. పెదాలైతే కాసేపటికి మొద్దుబారతాయి, గొట్టాన్ని సరిగ్గా పట్టుకున్నామా లేదా అన్నది కూడా తెలియదు, పక్క నుంచి చుక్క నీరు పోతుంది. ఆ చుక్కకు ఏం చేయాలో తెలియాలి. గట్టిగా ఊదితే గొట్టంలో నీళ్లు పైనుంచి పోతాయి. ఇది ఒడ్డున చెప్తారు, కానీ ఒడ్డున విన్నది 2 డిగ్రీల నీళ్లలో గుర్తుకు రావాలంటే ముందు ఎక్కడో ఒకచోట చేసి ఉండాలి.

మెడ సంగతి ఎవరూ చెప్పరు. నీళ్లు రాకుండా మెడ దగ్గర రబ్బరు సీల్ బిగుతుగా ఉంటుంది, కొన్నిసార్లు దాని మీద ఇంకో బ్యాండ్ కూడా బిగిస్తారు. మా గుంపులో ఒకాయన అక్కడే ఆగిపోయాడు, నీళ్ల దాకా కూడా రాలేదు. ఎవరూ నవ్వలేదు, గైడ్ కూడా బలవంతపెట్టలేదు. పుస్తెలతాడు, గాజులు, ఉంగరాలు ముందే తీసి పెట్టమనండి, సీల్ చినిగిందంటే లోపలికి వచ్చేది ఆ మంచునీళ్లే.

కింద ఏముంటుందంటే చేపలు దాదాపు ఉండవు, అది అనుకుని పోతే నిరాశే. పచ్చటి నాచు జుట్టులా వేలాడుతుంటుంది, రాళ్లు నీలంగా కనిపిస్తాయి, అరగంట పైన తేలుతాం, ఎక్కువసేపు మన ఊపిరి చప్పుడే వినిపిస్తుంది. నాకు మాత్రం ప్రతి రూపాయికీ న్యాయం జరిగింది.

నైట్ డ్యూటీ:
డాక్టర్‌గా నాన్నగారి గురించి ముందు చెప్తాను, ఎందుకంటే ఈ పోస్టులో అసలు భయపడాల్సింది ఆయన విషయంలోనే, అందరూ వదిన ఈత గురించి కొట్టుకుంటున్నారు.

చల్లటి నీళ్లు ఒంటికి తగలగానే శరీరం రెండు పనులు ఒకేసారి చేస్తుంది. చర్మం చల్లబడితే ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు ముడుచుకుని బీపీ ఎగురుతుంది. ముఖం చల్లటి నీళ్లలో ముంచి ఊపిరి బిగబడితే దానికి పూర్తిగా ఎదురు, గుండె నెమ్మదిస్తుంది. ఒకటి గుండెను పరుగెత్తమంటుంది, ఇంకోటి ఆగమంటుంది, ఆ గొడవలో గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి డ్రై సూట్ ఇందులో చాలా భాగం తగ్గిస్తుంది. గుండె జబ్బు ఉండి తెలియని మనిషికి ఆ మిగిలిన భాగం చాలు. మెడ సీల్ మరీ బిగుతైతే మెడ నరాల మీద ఒత్తిడి పడి కళ్లు కూడా తిరగొచ్చు. పైగా బరువైన సూట్ వేసుకుని పార్కింగ్ నుంచి నీళ్ల దాకా నడవాలి, అయ్యాక తిరిగి నడవాలి.

2017లో సిల్ఫ్రాలో పర్యాటకులు చనిపోయాక కొద్ది రోజులు అక్కడ స్నార్కెలింగ్ ఆపి, రూల్స్ బిగించారు. ఇప్పుడు 60 దాటితే డాక్టర్ సంతకం అడిగే కంపెనీలే ఎక్కువ. నాన్నగారికి "ఈత బాగా వచ్చు" అన్నది ఇక్కడ పనికిరాదు, మన బాయి నీళ్లు ఎండాకాలంలో ఎట్లుంటాయో మీకు తెలుసు. ముందు గుండె డాక్టర్‌కు చూపించండి, ఏ గోలీ వాడుతున్నారో చెప్పండి, కొన్ని బీపీ గోలీలు గుండె వేగాన్నే తగ్గిస్తాయి.

జగిత్యాల నుంచి:
అందరూ తెలివైన మాటలే చెప్తున్నారు, నాకు మాత్రం కోపం వస్తోంది. మా ఊళ్లో ఎండాకాలం సెలవులొస్తే మా అన్నలు, బావలు అందరూ నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని బాయిలో దూకేవాళ్లు. మేం గట్టు మీద కూర్చుని వాళ్ల బట్టలు చూసేవాళ్లం. ఒక్క ఆడపిల్లను ఎవడూ దింపలేదు. ఇప్పుడు నలభై ఏళ్లకు డబ్బులు చేతికొచ్చి ఎటైనా పోదామంటే ఫారంలో "ఈత వచ్చా" అంట. టిక్ పెట్టిన ఆడదాన్ని తప్పు పట్టను.

మానేరు గట్టు:
అక్కా, నేను కూడా గట్టు మీద కూర్చున్నదాన్నే, పెళ్లయ్యాక కరీంనగర్‌లో లేడీస్ బ్యాచ్‌లో నేర్చుకున్నా. కోపం న్యాయమే, కానీ ఆ కోపంతో అబద్ధపు టిక్ పెడితే నష్టం ఎవరికి? మనల్ని గట్టు మీద కూర్చోబెట్టిన వాళ్లకు కాదు. జూన్ దాకా టైం ఉంది. హన్మకొండలో పూల్ ఉంది కదా. ఇరవై లెంగ్త్‌లు కొట్టాల్సిన పని లేదు. మాస్క్, గొట్టం కొనుక్కుని ముఖం నీళ్లలో పెట్టి ఇరవై నిమిషాలు కదలకుండా తేలడం, గొట్టంలో నీళ్లు ఊదేయడం, బోర్లా ఉన్నది వెల్లకిలా తిరగడం. ఈ మూడూ లోతు వైపు కూడా టెన్షన్ లేకుండా వస్తే నేనైతే నిజాయితీగా టిక్ పెడతాను. రాకపోతే పెట్టను.

కాజీపేట జంక్షన్:
సరే, కానీ గైడ్ ఉన్నది దేనికి మరి?

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్:
గైడ్ ఒక్కడు తమ్మీ, వెనక ఆరుగురు ఉండొచ్చు. ఆరుగురికీ ఈత వచ్చని ఫారంలో ఉంది కాబట్టే ఆయన ముందు నడుస్తున్నాడు. మా బొగ్గు బాయిలో దిగేముందు లాంప్ చార్జ్ అయ్యిందా అంటే కాకున్నా అయ్యింది అని చెప్పేవాడు ఒక్కడు ఉంటే చాలు, వాడితో పాటు పక్కోడి ప్రాణానికీ చిక్కే. మీ ఆవిడ భయపడి గైడ్ మెడ పట్టుకుంటే మిగతా ఐదుగురిని ఎవరు చూడాలి? సిల్ఫ్రా చివర్లో ఎడమకు తిరగాలట కదా, తిరగకపోతే పెద్ద చెరువు వైపు పోతారు. ఆయన ఎడమ, ఎడమ అని అరుస్తున్న టైంలోనే ఈమెను విడిపించుకోవాల్సి వస్తే?

ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకో. అబద్ధం రాసి సంతకం పెట్టిన కాయితం ఉన్నాక క్లెయిమ్ ఇవ్వమంటే వాళ్లు ముందు ఆ కాయితమే తీస్తారు.

రామప్ప రాళ్లు:
అసలు విషయం కాదు గానీ ఒక మాట. సిల్ఫ్రా వీడియోల కింద అందరూ "ఒక చేయి అమెరికా ఖండం మీద, ఒక చేయి యూరప్ మీద" అని రాస్తున్నారు. భూమి పైపొరలోని రెండు పెద్ద ఫలకాలు విడిపోతున్న ప్రాంతంలో సిల్ఫ్రా ఉంది, నిజమే, ఏడాదికి దాదాపు రెండు సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాయి. కానీ ఆ విడిపోయే ప్రాంతం కిలోమీటర్ల వెడల్పు, అందులో ఉన్న ఎన్నో చీలికల్లో ఇదొకటి. ఆ నీళ్లు అంత తేటగా ఎందుకున్నాయో మాత్రం నిజంగా చెప్పుకోదగ్గ కథ. లాంగ్‌యోకుల్ హిమానీనదం కరిగిన నీరు లావా రాళ్ల సందుల్లోంచి ఇంకుతూ దశాబ్దాలు ప్రయాణం చేసి ఇక్కడ ఊరుతుంది. దిగనివాళ్లు బాధపడక్కర్లేదు, ఆ పార్కులో 930లో మొదలైన వాళ్ల పార్లమెంటు స్థలం ఉంది, మన రామప్ప లాగే యునెస్కో జాబితాలో ఉంది, 2004 నుంచి. నాన్నగారిని అక్కడ తిప్పండి.

కాజీపేట జంక్షన్:
నాన్నను రాళ్లు చూడమని చెప్పి కొడుకు కోడలు నీళ్లలోకి. బాగుంది ప్లాన్ 😀

హన్మకొండ చౌరస్తా:
అందరికీ థాంక్స్, కాస్త గట్టిగానే తిట్టారు. నాన్న విషయం వదిలేస్తున్నా, ఆయనకు నేనే చెప్పాలి, అదే అసలు కష్టం, మా ఇంట్లో అందరికంటే ముందు బ్యాగ్ సర్దింది ఆయనే. ఆవిడ ఈ థ్రెడ్ అంతా చదివింది. జగిత్యాల అక్క మాటకు చప్పట్లు కొట్టి, మానేరు అక్క చెప్పిన పూల్ సంగతి ఎంక్వైరీ చేయమంది. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోను. "ఈత వచ్చా" అంటే ఎంత ఈత? పది మీటర్లా, వందా? తేలడం చాలా? ఫారంలో లేదు. అంత ప్రమాదం అనుకుంటే పరీక్ష పెట్టాలి, లేదా ఇదీ ఇదీ వచ్చి ఉండాలి అని వరసగా రాయాలి. ఒక్క గడి పెట్టి తప్పంతా టూరిస్టు మీద వేయడం నాకు ఇప్పటికీ నచ్చలేదు.

నైట్ డ్యూటీ:
దీంట్లో మీతో నేనూ ఉన్నా. వైద్య ఫారం కూడా అంతే, "గుండె సమస్య ఉందా" అని అడిగితే మన దగ్గర ఎంతమందికి తమ గుండె సంగతి తెలుసు?

మానేరు గట్టు:
అయితే కంపెనీకి మెయిల్ పెట్టు. "మా ఆవిడ ముఖం నీళ్లలో పెట్టి తేలగలదు, వెల్లకిలా తిరగగలదు, పాతిక మీటర్లు ఈదగలదు, ఇది చాలా?" అని ఉన్నది ఉన్నట్టు అడుగు, జవాబు దాచుకో. పూల్‌లో అవన్నీ వచ్చాకే రాయి, ముందు కాదు. ఎత్తు, బరువు కూడా రాయి, మామూలుగా 150 సెంటీమీటర్లు, 45 కిలోల కన్నా తక్కువైతే సూట్ సరిపోదని వెనక్కి పంపుతారు. కళ్లద్దాలుంటే అదీ చెప్పు, పవర్ ఉన్న మాస్క్ ఇస్తారేమో. జవాబు వచ్చేదాకా డబ్బు కట్టకు.

హన్మకొండ చౌరస్తా:
ఆవిడ ఎత్తు 149. ఇప్పుడే టేపు పెట్టి కొలిచాం. మళ్లీ కొలవమంటోంది.