నేషనల్ పార్కు అడవిలో 12 కిలోమీటర్ల నడకకు ఎంత సమయం పెట్టుకోవాలి?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. మా పదేళ్ల అబ్బాయితో కలిసి మొదటిసారిగా ఒక నేషనల్ పార్కు అడవిలో నడవాలనుకుంటున్నాము. మేము ఎంచుకున్న బాట మొదలైన చోటికే తిరిగి వస్తుంది. పొడవు 12 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు మొత్తం 300 మీటర్లు అని పటంలో ఉంది. మధ్యలో కొంత దూరం అది పార్కు హద్దు దాటి పక్కనున్న ప్రభుత్వ అడవిలో సాగుతుంది. సూర్యాస్తమయం ఆరున్నరకు కనుక మధ్యాహ్నం రెండింటికి బయలుదేరితే సరిపోతుందా?

మొదటి సమాధానం:
సరిపోదండీ, దయచేసి ఉదయమే బయలుదేరండి. కొండ నడకలకు సమయాన్ని లెక్కకట్టే పాత సూత్రం ఒకటి ఉంది. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన ఆ సూత్రం ప్రకారం ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరొక గంట వేసుకోవాలి. మీ బాటకు దూరం వల్ల 2 గంటల 24 నిమిషాలు, ఎత్తు వల్ల మరో 30 నిమిషాలు, వెరసి 2 గంటల 54 నిమిషాలు అవుతాయి. అయితే ఇది దారుఢ్యం, అలవాటు రెండూ ఉన్న పెద్దవారు ఎక్కడా ఆగకుండా నడిచినప్పటి లెక్క. వేళ్లు పైకి తేలిన నేల మీద, తడి ఆకుల మీద పిల్లవాడితో నడిచేటప్పుడు దీనికి సగం కలపాలని నా అనుభవం. అప్పుడు సుమారు 4 గంటల 20 నిమిషాలవుతుంది, భోజనం, విశ్రాంతి అదనం. పైగా దట్టమైన చెట్ల కింద సూర్యాస్తమయానికి చాలా ముందే బాట కనిపించడం మానేస్తుంది.

బయలుదేరే ముందే వెనుదిరిగే గడియారపు వేళ ఒకటి నిర్ణయించి, అబ్బాయికి కూడా చెప్పండి. ఆ వేళకు సగం దూరం చేరకపోతే, ముందున్నది ఎంత అందమైన చోటైనా సరే, వచ్చిన దారినే తిరిగి రండి. తెలిసిన దారి, తక్కువ దూరం.

రెండవ సమాధానం:
పార్కు హద్దు దాటే భాగం గురించి నేను చెబుతాను. నేషనల్ పార్కులో ప్రకృతి సంరక్షణే ప్రధానం. ప్రభుత్వ అడవుల్లో చాలాచోట్ల కలప కోత కూడా సాగుతుంది. కోత జరిగే రోజుల్లో బాటను మూసివేస్తారు, లారీల కోసం పటంలో లేని కొత్త మట్టిదారులు వేస్తారు. ఒకసారి అలాంటి కూడలిలో, వెడల్పుగా ఉన్నదే అసలు దారి అనుకుని నేను గంటసేపు తప్పు దిక్కున నడిచాను. అందుకే ముందురోజే రెండు యాజమాన్యాల ప్రకటనలూ చూడండి. పేర్చిన దుంగల గుట్టలపైకి పిల్లలను ఎక్కనివ్వకండి. ఒక్క దుంగ కదిలితే గుట్టంతా దొర్లుతుంది. గాలి వీచే వేళ ఎండిన చెట్ల కింద భోజనానికి కూర్చోవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉదయం ఎనిమిదింటికే బయలుదేరుతాము. సిగ్నల్ లేకపోతే ఫోను దారి చూపిస్తుందా? మాకు కాగితపు పటం చదవడం అంతగా రాదు.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది కనుక మొబైల్ నెట్‌వర్క్ అవసరం లేదు. పటాన్ని మాత్రం ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోవాలి. సిగ్నల్ కోసం వెతుకుతూ ఫోను బ్యాటరీ ఖర్చవుతుంది, కాబట్టి ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, స్థానం తెలిపే సదుపాయం పనిచేస్తున్నదో లేదో సరిచూసుకోండి. లోతైన లోయల్లో, చిక్కని చెట్ల కింద అది మీరున్న చోటును కొన్ని మీటర్ల నుంచి పదుల మీటర్ల వరకు తప్పుగా చూపవచ్చు. కాగితపు పటంలో ప్రస్తుతానికి ఒక్క సంగతి నేర్చుకున్నా చాలు: కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) దగ్గరదగ్గరగా ఉంటే నిటారైన ఎక్కుడు, దూరదూరంగా ఉంటే దాదాపు సమతలం.

దారి తప్పామని అనుమానం వచ్చిన క్షణమే ఆగిపోండి. గుర్తుపట్టిన చివరి చోటికి వెనక్కి వెళ్లగలిగితే వెళ్లండి, లేదంటే అక్కడే ఉండి ఈల ఊదండి. యూరప్ కొండల్లో నిమిషానికి 6 సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదడం ఆపద సంకేతం. ఉత్తర అమెరికాలో 3 సార్లు ఊదుతారు. అబ్బాయి మెడలో విడిగా ఒక ఈల వేయండి. మీరు వెళ్లే బాట, తిరిగి వచ్చే వేళ ఇంట్లో ఉండే ఒకరికి రాసి ఇవ్వండి.

రెండవ సమాధానం ఇచ్చినవారు:
ఇంటికి చేరగానే మోకాళ్ల వెనుక, చంకల్లో, జుట్టు అంచుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి. ఒకటి కరిచి పట్టుకుని ఉంటే నూనె పూయడం, నిప్పుతో కాల్చడం వద్దు. సన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా నిటారుగా లాగాలి. తర్వాత కొన్ని వారాల్లో దద్దురు గానీ జ్వరం గానీ వస్తే, పిడుదు కరిచిన తేదీ చెప్పి వైద్యుడికి చూపించండి.