సమస్య: కన్ను తెరచినంత గానరాదు

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం. పెరటి పిట్టను ఫొటో తీసే సందర్భం ఉండాలి, అపెర్చర్ (లెన్సులో వెలుతురు దూరే కన్ను) సంగతి రావాలి. కన్ను తెరిస్తే కనబడాలి కదా, మరి కానరానిదేమిటో చెప్పండి.

పెరటిగోరింక:
జామకొమ్మ పైన జంట పిట్టలు వాల
వెనుక దండెమందు వేలు చీర
నాలుగంకె వద్ద నా కెమేరా పెద్ద
కన్ను తెరచినంత గానరాదు

నిర్వాహకుడు: విరుపు బాగుంది, మాయమైంది పిట్ట కాదు, చీర! ‘కెమెరా’ను గణం కోసం సాగదీశారు, పర్లేదు. ఎఫ్ అంకె చిన్నదైతే కన్ను పెద్దది, వెనకున్నవి మసకబారతాయి. కానీ చీర కొమ్మకు రెండడుగుల్లోనే ఉంటే ఎఫ్ 4లోనూ రంగు మచ్చలా పడుతుంది. దండెం పది పదిహేను అడుగులు వెనక ఉండి, మీరు పిట్టకు దగ్గరగా ఉంటేనే కరిగిపోతుంది. ఇంకో చిక్కు, జంట పిట్టలు. ఒకటి కాస్త ముందుకు కూర్చుందా, ఎఫ్ 4లో రెండోది కూడా చీరతో పాటే పోతుంది.

వేపకొమ్మ:
ముక్కు తేటపడెను, మురిసిపోతిని గాని
పికిలిపిట్ట తోక పీచుపీచు
దగ్గరైన కొలది తరుగు లోతు, మరింత
కన్ను తెరచినంత గానరాదు

నిర్వాహకుడు: నా ఓటు దీనికే. ‘లోతు’ అన్న ఒక్క మాటలో అంతా వచ్చేసింది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా, 400 ఎంఎం లెన్స్, 3 మీటర్ల దూరం అనుకోండి. ఎఫ్ 5.6లో స్పష్టంగా పడే లోతు రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువే. పికిలిపిట్టేమో ముక్కు నుంచి తోక దాకా 20 సెంటీమీటర్లు! ఎఫ్ 11కి పోయినా నాలుగు సెంటీమీటర్లు దాటదు. పిట్ట పక్కకు తిరిగేదాకా ఆగి, దాని కంటి మీద ఫోకస్ పెట్టడమే మేలు. ‘పీచుపీచు’ చదివి నవ్వాను, నా దగ్గర అలాంటివి బోలెడు.

కొత్తసభ్యుడు: నాది ఒక్క పాదమే కుదిరింది, మన్నించండి.
ఎఫ్పు పదునొకండు ఎక్కువ వెలుతురు

నిర్వాహకుడు: గణాలు సరే, యతి సరే, విషయమే తలకిందులైంది తమ్ముడూ! ఎఫ్ అంకె భాగహారం లాంటిది. 400ని 4తో భాగిస్తే 100 ఎంఎం కన్ను, 8తో భాగిస్తే 50. 4 నుంచి 11కి మూడు స్టాపులు, అంటే మెట్లు (5.6, 8, 11), ఒక్కో స్టాపుకు వెలుతురు సగం. 4 దగ్గర సెకనులో వెయ్యో వంతు షట్టర్ సరిపోతే, అదే ఐఎస్ఓలో (సెన్సర్ సున్నితత్వం మార్చకుండా) 11కి 125వ వంతుకు దిగాలి. తల తిప్పే పిచ్చుక ఆ వేగానికి ఆగదు. ఇలా దిద్దుకో:
ఎఫ్పు పదునొకండు కెనిమిదో వంతౌను
తర్వాతి పాదం ‘వెలుగు’తో ఎత్తుకుంటే సరి.

పెరటిగోరింక: గురువుగారూ, నా మొదటి పాదం మార్చాను:
జామకొమ్మ పైన జాణ పిచ్చుక వాల
రెండోదాన్ని తోలేశాను.